సిగరెట్ మానడానికి నోటు పుస్తకం: ఎప్పుడు రాయాలి, ఏం రాయాలి, జారితే ఏం చేయాలి

"అన్నా, పుస్తకం రాసి మానేశావంట గదా, ఏం రాశావు అందులో?" ఒంగోల్లో, కావలిలో, టంగుటూరు వైపు మా చుట్టాల ఊళ్ళలో చాలామంది ఇదే అడిగారు. ఫోన్లో పది నిమిషాలు చెబితే సగమే అర్థమవుతోంది. రెండో రోజు మళ్ళీ ఫోను: "రాశానన్నా, అయినా తాగేశాను, ఇప్పుడేం చేయాలి?" అందుకే మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను.

నేను 14 ఏళ్ళు తాగాను, రోజుకు 12 నుంచి 15. రెండుసార్లు మాని మళ్ళీ మొదలుపెట్టాను. మూడోసారి నోటు పుస్తకం పెట్టుకున్నాకే మానగలిగాను. బీడీలు, చుట్టలు తాగేవాళ్ళకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. డాక్టరు అవసరం ఎక్కడ పడుతుందో కూడా కింద చెప్పాను, ఆ భాగం వదిలేయకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ముందే చెబుతాను. ముట్టించక ముందు రాయాలి. తాగాక రాస్తే మిగిలేది లెక్క మాత్రమే. ముందు రాస్తే చెయ్యి ఒక నిమిషం ఆగుతుంది, ఆ సిగరెట్ ఎందుకు కావాలో ఆ నిమిషంలో మనకే తెలుస్తుంది. మిగతా అడుగులన్నీ ఈ అలవాటు కుదిరితేనే నడుస్తాయి.

1. పుస్తకం ఎలాంటిది, ఎక్కడ పెట్టుకోవాలి

చొక్కా జేబులో పట్టే చిన్న నోటు పుస్తకం చాలు. పెద్ద డైరీ కొంటే అది ఇంట్లో బీరువాలో ఉంటుంది, మనం టీ బంకు దగ్గర ఉంటాం.

సిగరెట్ ప్యాకెట్‌ను ఈ పుస్తకానికి ఆనించి రెండింటికీ కలిపి రబ్బరు బ్యాండు వేయండి. సిగరెట్ తీయాలంటే బ్యాండు తీయాలి, బ్యాండు తీస్తే పుస్తకం చేతికొస్తుంది. నన్ను ఆపిన వాటిలో ఈ రబ్బరు బ్యాండుదే పెద్ద పాత్ర. లూజు కొనేవాళ్ళు చిల్లర డబ్బులు ఈ పుస్తకం మధ్యలో పెట్టుకోండి. డబ్బు తీయబోతే పుస్తకం తెరవాల్సిందే.

ఫోన్లో రాయొచ్చా అని అడుగుతారు. రాయొచ్చు కానీ ఫోను తీయగానే వాట్సాప్ కనిపిస్తుంది, అరగంట పోతుంది, రాయాల్సింది మర్చిపోతాం. కాగితమే మంచిదని నా అభిప్రాయం. తప్పనిసరైతే మీ నంబరుకే మీరు వాయిస్ మెసేజ్ పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- జేబు పుస్తకం ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్ను
- రబ్బరు బ్యాండ్లు నాలుగైదు, ఎందుకంటే తెగుతాయి
- పుస్తకం చివర పది పేజీలు ఖాళీగా వదలడం, తర్వాత పనుంది
- ఇంట్లో ఒక్కరికైనా చెప్పడం: "ఇది నా సిగరెట్ల పద్దు, చదవొద్దు"

చివరిది చిన్న విషయం అనుకోకండి. ఎవరైనా చదువుతారనే భయం ఉంటే నిజం రాయం.

రాయడం రానివాళ్ళకు ఒక దారి ఉంది. మా నాయన బీడీలకు ఇలా చేశాడు. పొద్దున్నే లెక్కపెట్టి శనగ గింజలు కుడి జేబులో పోసుకునేవాడు. బీడీ ముట్టించే ముందు ఒక గింజ ఎడమ జేబులోకి మార్చేవాడు. రాత్రి ఎడమ జేబు గింజలు మా చెల్లెలు లెక్కపెట్టి క్యాలెండర్ మీద వేసేది. ఏ గింజ ఎక్కడ మార్చాడో ఆయనకు గుర్తుండేది, అడిగితే వరసగా చెప్పేవాడు. అదీ పుస్తకమే.

2. మొదటి ఏడు రోజులు: మానొద్దు, రాయండి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పుస్తకం కొన్న రోజే మానేస్తారు, మూడో రోజు తాగుతారు, పుస్తకం మూల పడేస్తారు. ఈ వారం మీరు మామూలుగా ఎన్ని తాగుతారో అన్నీ తాగండి. కానీ ఒక్కటి కూడా రాయకుండా తాగొద్దు.

ప్రతి సిగరెట్‌కు ముందు ఒక్క వరస, అందులో ఐదు మాటలు:

- టైం
- ఎక్కడ
- ఎవరితో (ఒంటరిగా ఉంటే "నేనే")
- ఎంత లాగుతోంది (తాగాలని మనసు ఎంత గుంజుతోంది), పదికి ఎంత
- అసలు నాకు ఇప్పుడు ఏం కావాలి

మొదటి నాలుగు ఎవరైనా రాస్తారు. ఐదోదే కష్టం. "సిగరెట్ కావాలి" అని రాయడం కుదరదు. ఆకలా, నిద్రా, కాసేపు ఈ గదిలోంచి బయటపడాలా, ఎవరి మీదైనా కోపమా, పక్కవాడితో మాట కలపాలా? తెలియకపోతే "తెలియదు" అని రాయండి. మూడో రోజుకు తెలుస్తుంది.

నా పుస్తకంలో ఒక రోజు వరసల్లో కొన్ని:

6.10, పెరడు, నేనే, 9. ఇది లేకపోతే కడుపు కదలదు.
7.45, టీ బంకు, బావతో, 4. ఆయన ఇచ్చాడు, వద్దనలేదు.
11.00, ఆఫీసు బయట, నేనే, 6. లోపల ఫోన్లు ఆగడం లేదు, ఐదు నిమిషాలు కావాలి.
11.25, అక్కడే, నేనే, 2. తెలియదు.
2.10, భోజనం అయ్యాక, 7. నోరు ఖాళీగా ఉంది.
8.40, మిద్దె మీద, నేనే, 8. డబ్బు సంగతి, తమ్ముడి మీద కోపం.

ఆ 11.25 వరస చూడండి. పదికి రెండు మాత్రమే లాగింది, ఎందుకో నాకే తెలియదు, అయినా తాగాను. ఇలాంటివి రోజుకు రెండు మూడు దొరికాయి. రాసుకోకపోతే అవి ఉన్నాయనే తెలిసేది కాదు.

ఇంకొన్ని సంగతులు. పక్కవాడి దగ్గర రెండు దమ్ములు పీల్చినా రాయండి. లారీ, ఆటో, బండి నడిపేవాళ్ళు నడుపుతూ రాయొద్దు, పక్కన ఆపాకే రాయండి. రాత్రిళ్ళు రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మరలు) చూసుకునేవాళ్ళు, బ్యారన్ (పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర మేలుకుని వేడి చూసుకునేవాళ్ళు అర్ధరాత్రి దాటాక వచ్చే వరసలను కూడా ఆ రోజు కిందే వేసుకోండి. మీ రోజు తెల్లారితేనే పూర్తవుతుంది.

రాయడం వల్ల ఈ వారంలోనే కొందరికి సంఖ్య దానంతట అదే తగ్గుతుంది. మంచిదే. అయినా వారం పూర్తి చేయండి.

3. ఎనిమిదో రోజు: వేటికవి విడదీయడం

సాయంత్రం ఒక గంట కూర్చోండి. ఎర్ర పెన్ను తీసుకుని ప్రతి వరస పక్కన ఒక అక్షరం వేయండి.

ఒ – ఒంటి ఆకలి. లేవగానే తాగేది, చాలాసేపు గ్యాప్ వచ్చాక తాగేది. నికోటిన్ తగ్గి ఒళ్ళే అడుగుతోంది.
చో – చోటు అలవాటు. టీ, భోజనం తర్వాత, బాత్రూం, బస్సు కోసం నిలబడటం.
మ – మనుషులు. వాళ్ళు లేకపోతే తాగని సిగరెట్.
టె – టెన్షన్, కోపం, దిగులు.
ఊ – ఊరికే.

కూడితే మీ జబ్బు మీకు కనిపిస్తుంది. నాకు వారంలో 90కి దగ్గర పడ్డాయి, అందులో మూడో వంతు టీతోనే. నాది టెన్షన్ అలవాటని పదేళ్ళు చెప్పుకున్నాను. పుస్తకం చూస్తే 'టె' వరసలు రోజుకు ఒకటి, మహా అయితే రెండు.

ఇక ప్రతి గుంపుకు ఒక బదులు పని రాసుకోవాలి. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు, కాబట్టి విడివిడిగా ఆలోచించండి.

లేవగానే తాగేదానికి: పక్క దిగగానే రెండు గ్లాసులు గోరువెచ్చని నీళ్ళు, వెంటనే పళ్ళు తోమి స్నానం. కడుపు కదలదనే భయం ఉన్నవాళ్ళు ముందు రాత్రి అరటిపండు, జామకాయ లాంటివి తినండి. మానిన కొత్తలో మలబద్ధకం రావడం మామూలే, వారం రెండు వారాల్లో సర్దుకుంటుంది.

టీతో తాగేదానికి: టీ మానక్కర్లేదు, చోటు మార్చండి. బంకు దగ్గర నిలబడి తాగే టీని పార్సిల్ తెచ్చుకుని లోపల కూర్చుని తాగండి. నెల రోజులు ఆ టైంకు మజ్జిగో రాగిజావో తాగితే ఇంకా మేలు. నెల్లూరు ట్రంక్ రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో పనిచేసేవాళ్ళకు ప్రతి పది అడుగులకూ టీ కొట్టే. మీరు రోజూ ఆగే కొట్టు ఏదో రాసుకుని, దాని ముందు నుంచి కాకుండా అవతలి వైపు నడవండి.

భోజనం తర్వాత తాగేదానికి: చెయ్యి కడిగిన వెంటనే నోట్లో సోంపో లవంగమో వేసుకుని, తిన్న కంచం మీరే కడగండి. ఆ ఐదు నిమిషాలు చేతులు తడిగా ఉంటే చాలు.

మనుషులతో తాగేదానికి: వాళ్ళ పేర్లు రాయండి. ఒక్కొక్కరికి ఏం చెప్పాలో కూడా రాసుకోండి. "నెల రోజులు నాకు ఇవ్వొద్దు బావా, అడిగినా ఇవ్వొద్దు." ముందే మాట సిద్ధంగా లేకపోతే ఆ పూట మొహమాటం గెలుస్తుంది.

కాపలా రాత్రులకు: వేయించిన శనగలు, వేరుశనగలు, దొరికే రోజుల్లో తేగలు. తేగ నమలడానికి టైం పడుతుంది, అదే మనకు కావాల్సింది. పొగాకు వేలం కేంద్రంలో మన బేళ్ల (పొగాకు మూటల) వరస వచ్చేదాకా కూర్చునే గంటలు ఇంకా కష్టం. ధర ఏమవుతుందో తెలియదు, చుట్టూ అందరూ తాగుతుంటారు. ఆ రోజు ఒక్కరే వెళ్ళకండి, తాగని మనిషిని వెంట తీసుకెళ్ళండి.

చివరగా ఒక కొలత. ఏడు రోజుల్లోనూ మీరు లేచిన ఎంతసేపటికి మొదటిది తాగారో చూడండి. అరగంట లోపే అయితే ఒళ్ళు నికోటిన్‌కు బాగా అలవాటు పడిందని అర్థం. అలాంటివాళ్ళు 7వ భాగం తప్పక చదవండి.

4. మానే తేదీ పెట్టుకోవడం

లెక్క చూసిన రోజు నుంచి రెండు వారాల లోపు ఒక తేదీ రాయండి. అంతకంటే దూరం పెడితే అది రాదు.

పెళ్ళి, బ్యారన్ కాల్చే రాత్రులు, రొయ్యల పట్టుబడి, పిల్లల ఫీజుల గడువు, ఇవి ఉన్న వారం వద్దు. నెల్లూరు వాళ్ళు కొందరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆరోగ్య రొట్టె పట్టిన రోజునే మానతామంటారు. మంచి రోజే. పుస్తకం మాత్రం దానికి పది రోజుల ముందే మొదలుకావాలి.

తేదీ రాసిన పేజీలోనే మూడు కారణాలు రాయండి. "ఆరోగ్యం కోసం" అని రాస్తే మూడో రోజు అది మీకు ఏమీ చెప్పదు. జరిగిన సంగతి రాయండి. నేను రాసుకున్న మొదటి కారణం: "మాలకొండ ఎక్కుతుంటే మా అమ్మ నా కోసం ఆగింది." ఇప్పటికీ ఆ వరస చదివితే గొంతు పట్టేస్తుంది.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. రోజుకు పది, ఒక్కోటి 20 రూపాయలు అనుకుంటే రోజుకు 200, నెలకు 6,000, ఏడాదికి 73,000. మీ అంకెలు మీరు పెట్టుకుని, ఆ డబ్బుతో ఏం చేస్తారో ఒక వస్తువు పేరుతో రాయండి.

5. ముందు రోజు సాయంత్రం

- ఇంట్లో, ఆఫీసు సొరుగులో, బండి డిక్కీలో ఉన్న ప్యాకెట్లు, లైటర్లు, అగ్గిపెట్టెలు తీసేయడం. దేవుడి దగ్గర అగ్గిపెట్టె ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంటుంది.
- బంకులో ఖాతా ఉంటే బాకీ తీర్చి, పేరు కొట్టేయించుకోవడం. "ఇక నాకు అప్పు ఇవ్వొద్దు" అని చెప్పడం.
- పొగ వాసన పట్టిన చొక్కాలు, దుప్పటి ఉతకడం.
- సోంపు, లవంగాలు, శనగలు, నీళ్ళ సీసా జేబులో, సంచిలో సర్దుకోవడం.
- ఇంట్లోవాళ్ళతో: "మూడు నాలుగు రోజులు నా మాట కటువుగా ఉండొచ్చు, మనసులో పెట్టుకోవద్దు."
- కారణాల పేజీ మూల మడిచి పెట్టడం, తెరవగానే దొరికేలా.

దాచిపెట్టిన ఒక్కటి కూడా ఉంచుకోవద్దు. "ఉందనే ధైర్యంతో మానతాను" అనేవాళ్ళను చూశాను, రెండో రోజు రాత్రి ఆ ధైర్యాన్నే తాగేశారు.

6. మొదటి మూడు రోజులు

ఇక సిగరెట్ లేదు, పుస్తకం ఉంది. ఇప్పుడు రాయాల్సింది లాగుడు గురించి. అది మొదలైన ప్రతిసారీ నాలుగు ముక్కలు:

- ఎన్నింటికి మొదలైంది
- పదికి ఎంత
- ఏం చేశాను
- ఎన్నింటికి తగ్గింది, ఇప్పుడు పదికి ఎంత

ఈ నాలుగో ముక్కే ప్రాణం. లాగుడు తట్టుకోలేనంత పెరుగుతూ పోతుందని అనిపిస్తుంది. నిజానికి చాలావరకు మూడు నుంచి ఐదు నిమిషాల్లో దిగిపోతుంది, ఎక్కువైతే పది నిమిషాలు. ఎవరో చెబితే నమ్మం. 4.12కి 9, 4.17కి 4 అని మన చేత్తో రాసుకుంటే నమ్ముతాం. రెండో రోజు సాయంత్రానికి ఇలాంటివి పదిహేను వరసలు ఉంటాయి. పదహారోది వచ్చినప్పుడు వెనక్కి తిప్పి చూడండి, ప్రతిదీ దిగింది.

మధ్యలో ఏం చేయాలి? నీళ్ళు చిన్న గుక్కలుగా ఒక గ్లాసు. ముక్కుతో లోపలికి పీల్చి నోటితో నెమ్మదిగా వదులుతూ పదిసార్లు ఊపిరి. లేచి చోటు మారడం. లవంగం కొరకడం. ఎవరికైనా ఫోను చేయడం. ఏది చేసినా పేరు రాయండి. మూడు రోజులయ్యాక మీకు ఏది పనిచేసిందో తెలుస్తుంది, మిగతావి వదిలేయొచ్చు.

చెయ్యి వణికి అక్షరాలు వంకర పోయినా పర్వాలేదు. కవిత్వం అక్కర్లేదు. లాగుడు గురించి పేజీలకు పేజీలు రాయడం కూడా వద్దు, ఎంతసేపు దాన్నే తలుచుకుంటే అంతసేపు ఉంటుంది. నాలుగు ముక్కలు రాసి పుస్తకం మూసేయండి.

ఈ రోజుల్లో తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఎక్కువ ఆకలి, పనిలో మనసు నిలవకపోవడం మామూలు. రెండో రోజు, మూడో రోజు అన్నిటికన్నా గట్టిగా ఉంటాయి, తర్వాత తగ్గుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు పోతాయి.

కాఫీ, టీ సంగతి చాలామందికి తెలియదు. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కెఫీన్ త్వరగా అరిగిపోతుంది. మానగానే అది ఎక్కువసేపు నిలుస్తుంది. మునుపటిలాగే ఐదు టీలు తాగితే గుండె దడ, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అది సిగరెట్ మానడం వల్లే అని పొరబడతాం. టీ, కాఫీ సగానికి తగ్గించండి, సాయంత్రం తర్వాత వద్దు.

చేలో పచ్చి పొగాకు ఆకు కొట్టేవాళ్ళకు ఒక జాగ్రత్త. తడి ఆకును పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది, వాంతులు, తలతిరుగుడు వస్తాయి. అదీ మానడం వల్ల వచ్చిందనుకుంటే దారి తప్పుతాం. చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఆకు పని చేసిన రోజు పుస్తకంలో "ఆకు" అని గుర్తు పెట్టండి.

రాత్రి పడుకునే ముందు రెండే వరసలు: ఈరోజు అన్నిటికన్నా గట్టిగా లాగింది ఎప్పుడు? రేపు ఆ టైంకు నేను ఎక్కడ ఉండాలి?

7. గమ్, మందులు: పుస్తకంలో వీటికీ చోటుంది

మందు వాడితే మనసు బలహీనమని అనుకోవడం తప్పు. ముఖ్యంగా లేచిన అరగంటలో తాగేవాళ్ళు ఒక్క పట్టుదలతో నెట్టుకురావాలని చూసి అలసిపోతారు.

నికోటిన్ గమ్ (కొద్దిగా నికోటిన్ ఉన్న నమిలే బిళ్ళ) 2, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. అరగంట లోపు మొదటిది తాగేవాళ్ళకు సాధారణంగా 4 మిల్లీగ్రాములది అవసరమవుతుంది. ఏది ఎంత అన్నది డాక్టరును అడిగి తీసుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు అడక్కుండా అసలు వాడొద్దు.

దీన్ని బబుల్ గమ్ లాగా నమిలి "పనిచేయలేదు, కడుపులో తిప్పింది" అని పారేసినవాళ్ళే ఎక్కువ. నమిలే పద్ధతి వేరు:

- నెమ్మదిగా నమలాలి. నోట్లో మిరియం లాంటి చురుకు తగలగానే ఆపాలి.
- పంటి చిగురుకూ బుగ్గకూ మధ్య ఒత్తి పెట్టాలి.
- చురుకు తగ్గాక మళ్ళీ కాస్త నమిలి, ఇంకో వైపు పెట్టాలి. ఇలా దాదాపు అరగంట.
- వేసుకునే ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, సోడా, నిమ్మరసం వద్దు. వాటితో నికోటిన్ సరిగా ఎక్కదు.

గమ్ వేసుకున్న ప్రతిసారీ పుస్తకంలో "గ" అని, టైం రాయండి. వారాలు గడిచే కొద్దీ తగ్గిస్తూ సుమారు మూడు నెలల్లో ఆపాలి, ఈ "గ"లు లేకపోతే తగ్గుతోందో లేదో తెలియదు.

వారెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి, డాక్టరు చీటీ మీదే వాడాలి. మూర్ఛ ఉన్నవాళ్ళకు బుప్రోపియాన్ పనికిరాదు.

సిగరెట్‌కు బదులు ఖైనీ, గుట్కా వద్దు, అదీ పొగాకే. ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచి నిషేధం.

8. నాలుగో రోజు నుంచి నెల దాకా

ఇప్పుడు రోజుకు ఒక్క పేజీ చాలు. లాగుడు వచ్చినప్పుడు నాలుగు ముక్కలు, రాత్రి రెండు వరసలు.

ఖాళీగా వదిలిన చివరి పేజీల్లో ఒంట్లో వచ్చే మార్పులు ముందే రాసి పెట్టుకోండి, ఆ రోజు వచ్చినప్పుడు పక్కన టిక్కు పెట్టండి. 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ (పొగలో ఉండే విషవాయువు) మామూలు స్థాయికి వస్తుంది. రెండు నుంచి 12 వారాల్లో రక్త ప్రసరణ, ఊపిరితిత్తుల పని మెరుగవుతాయి. ఏడాదికి గుండె జబ్బు ముప్పు తాగేవాళ్ళతో పోలిస్తే సగానికి పడిపోతుంది. నాకైతే పన్నెండో రోజు గోంగూర పచ్చడి రుచి కొత్తగా తగిలింది, అదీ రాసుకున్నాను.

కొన్ని వారాలు దగ్గు, కఫం పెరగొచ్చు. ఊపిరితిత్తులు శుభ్రపడుతున్నప్పుడు అలా అవుతుంది. బరువు కొంత పెరగడం కూడా మామూలే. మొదటి నెలలో డైటింగ్ మొదలుపెట్టకండి, రెండు యుద్ధాలు ఒకేసారి వద్దు. స్వీట్ల బదులు శనగలు, దోసకాయ, రోజూ అరగంట నడక.

మందు పార్టీలకు ఈ నెల వెళ్ళొద్దు. నిక్కచ్చిగా చెబుతున్నాను. నాకు తెలిసి జారినవాళ్ళలో ఎక్కువ మంది గ్లాసు చేతిలో ఉండగానే జారారు.

9. జారితే

నా రెండో ప్రయత్నం గురించి చెప్పాలి. అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు ఒక్కటి కూడా తాగలేదు, పెద్దగా కష్టం కూడా అనిపించలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం టీ బంకు దగ్గర ఒకాయన ప్యాకెట్ చాపాడు: "ఒక్కటే గదన్నా, ఏమవుద్ది?" సంక్రాంతికి మళ్ళీ పన్నెండు.

మన వైపు ప్రతి ఊళ్ళో ఇలాంటివాళ్ళు పదిమంది ఉంటారు. రంజాన్ నెలలో పగలంతా ముట్టనివాళ్ళు కూడా ఉంటారు. మాలలో ఉన్నప్పుడు అందరూ స్వామీ అంటారు, ఎవరూ సిగరెట్ ఇవ్వరు, తాగేవాళ్ళ పక్కన కూర్చోం, నిద్ర లేచే టైం కూడా మారిపోతుంది. అంటే మన 'చో', 'మ' వరసలన్నీ దీక్షే తీసేసింది. మాల తీయగానే అవన్నీ ఒక్క రోజులో తిరిగొచ్చాయి. నలభై రెండో రోజుకు నా దగ్గర ఏ పథకమూ లేదు. మాలలో మానాలనుకునేవాళ్ళు దీక్ష మొదలుపెట్టక ముందే 2, 3 భాగాలు పూర్తి చేసి, మాల తీసే రోజుకు ఒక పేజీ విడిగా రాసుకోండి: ఆ సాయంత్రం ఎక్కడ ఉంటాను, ఎవరితో ఉంటాను, ఎవరు ప్యాకెట్ చాపితే ఏమంటాను.

ఒకవేళ జారితే అదే గంటలో ఇవి చేయండి:

- చేతిలో ఉన్నది సగంలోనైనా ఆర్పడం, మిగిలినవి నీళ్ళలో తడిపి పారేయడం.
- పుస్తకంలో ఐదు జవాబులు: ఎన్నింటికి? ఎక్కడ? ఎవరు ఇచ్చారు, లేదా నేనే కొన్నానా? దానికి ముందు రెండు గంటల్లో ఏం జరిగింది? మళ్ళీ అదే జరిగితే ఏం చేస్తాను?
- ఒక్కరికి ఫోను చేసి చెప్పడం.

పేజీ చింపొద్దు. రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టొద్దు. 23 రోజుల్లో ఒకటి తాగితే "23 రోజులు, 1" అని రాయండి. లెక్క సున్నా చేస్తే "ఎలాగూ పోయింది కదా" అని ప్యాకెట్ పూర్తి చేస్తాం, నేను మొదటిసారి అలాగే పాడుచేసుకున్నాను. నాలుగో ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా రాయండి. కారణం దాదాపు ఎప్పుడూ ఆ రెండు గంటల్లోనే ఉంటుంది: తిండి లేకపోవడం, నిద్ర లేకపోవడం, ఇంట్లో మాటా మాటా.

వరసగా మూడు రోజులు తాగితే అది జారడం దాటిపోయింది. సిగ్గుపడి పుస్తకం మూసేయకుండా మళ్ళీ ఏడు రోజులు 2వ భాగం రాసి, డాక్టరును కలిసి కొత్త తేదీ పెట్టుకోండి.

10. నన్ను ఎక్కువగా అడిగే చిక్కులు

"రాస్తుంటేనే సిగరెట్ గుర్తొస్తోంది." మొదటి మూడు నాలుగు రోజులు అలా ఉంటుంది. తర్వాత కూడా ఉంటే వరస చిన్నది చేయండి, టైం, అంకె మాత్రం రాయండి.

"నలుగురిలో పుస్తకం తీయాలంటే సిగ్గుగా ఉంది." అరచేతిలో పెన్నుతో గీత గీసుకుని తర్వాత ఎక్కించండి. కానీ ముట్టించక ముందే గీయాలి.

"రాత్రి కూర్చుని రోజంతటిదీ ఒకేసారి రాస్తున్నాను." అది జ్ఞాపకం. టీతో తాగినవి సగం మర్చిపోతారు.

"మానకుండా తగ్గించుకుంటూ వస్తాను." పుస్తకం చూస్తే తెలుస్తుంది: పదిహేను నుంచి ఐదుకు వస్తారు, ఆ ఐదు దగ్గరే ఆగి, ఒత్తిడి రాగానే పదిహేనుకు వెళ్తారు. తగ్గించడమైనా సరే, సున్నాకు ఒక తేదీ రాసి ఉండాలి.

"ఇంట్లో నాయన, బావ తాగుతారు." మానమని వాళ్ళను అడగొద్దు, మీ ముందు ముట్టించొద్దని, ప్యాకెట్ మీకు కనిపించేలా పెట్టొద్దని మాత్రం అడగండి.

11. డాక్టరు, ఫోను సాయం

ఇవి ఉంటే ఆలస్యం చేయొద్దు:

- కఫంలో రక్తం, ఛాతీలో నొప్పి, ఆయాసం
- రెండు వారాలు దాటిన దగ్గు. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం.
- రెండు వారాలైనా తగ్గని దిగులు, బతకాలనిపించకపోవడం. పుస్తకంలో రాసి ఊరుకోకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పి అదే రోజు వెళ్ళండి.
- ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, ఆస్తమాకు థియోఫిలిన్ ఉన్న మాత్రలు వాడేవాళ్ళు. పొగ మానాక మందు మోతాదు మార్చాల్సి రావొచ్చు, కాబట్టి తేదీకి ముందే డాక్టరుకు చెప్పండి.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఛాతీ వ్యాధుల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. ఓపీకి వెళ్ళేటప్పుడు పుస్తకం తీసుకెళ్ళండి. "రోజుకు ఎన్ని తాగుతారు" అని అడిగితే అంచనా చెప్పక్కర్లేదు, పేజీ చూపించొచ్చు.

జాతీయ క్విట్‌లైన్ (పొగాకు మానేవాళ్ళకు ఫోన్లో సాయం) నంబరు 1800-11-2356, సిగరెట్ ప్యాకెట్ మీదే ఉంటుంది, కాల్ ఉచితం. సోమవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. తెలుగులో మాట్లాడే కౌన్సిలర్ కావాలని అడగండి. వాళ్ళు తేదీ, అలవాట్లు అడిగినప్పుడు 3వ భాగంలో మీరు వేసిన లెక్క చదివి వినిపిస్తే చాలు.

12. ఎన్నాళ్ళు రాయాలి

మొదటి నెల రోజూ. రెండు, మూడు నెలలు లాగుడు వచ్చినప్పుడు మాత్రమే. ఆ తర్వాత నెలకోసారి ఒక వరస, ఏడాది నిండే దాకా.

ఏడాదిలో కొన్ని రోజులకు మాత్రం ముందే పేజీ రాసుకోవాలి: చుట్టాల పెళ్ళి, చావు ఇల్లు, వేలంలో ధర పడిపోయిన రోజు, గుంటలో రొయ్య చనిపోయిన రాత్రి, పాత స్నేహితుడు దుబాయ్ నుంచి వచ్చిన రోజు. ఆ పూట ఎక్కడ కూర్చుంటాను, ఎవరు చాపుతారు, ఏమంటాను, మూడే వరసలు. మా నాయన పోయినప్పుడు ఆ పదకొండు రోజులూ నా జేబులో ఆ పేజీ ఉంది, బంధువులు నాలుగుసార్లు చాపారు, నాలుగుసార్లూ అందులో రాసిన మాటే చెప్పాను: "వద్దు మామా, మానేశాను. నీళ్ళుంటే ఇవ్వు."